కొలిచిన బియ్యంలోంచి పిడికెడు

ఎలీషమ్మ పెట్టిన నియమం ఒక్కటే. బియ్యం సంచిలోంచి తీయకూడదు. పూటకు ఎంత కావాలో అంత చాటలో పోసుకున్నాక, కడగబోయే ముందు, ఆ కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ముంతలో వెయ్యాలి. సంచిలోంచి తీస్తే సంచి తగ్గుతుంది, అంతే. కొలిచిన దాంట్లోంచి తీస్తే ఆ పూట ఇంట్లో ప్రతి కంచంలోనూ నాలుగు మెతుకులు తగ్గుతాయి. తిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు గానీ వండిన చేతికి తెలుస్తుంది. ఆ తెలియడమే కానుక అని ఆమె నమ్మకం.

ఇది ఆమె కనిపెట్టిన సంగతేమీ కాదు. చర్చికి పోయే ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తేవడం మన పల్లెల్లో చాలాచోట్ల ఉన్నదే. ఎక్కడో మిజో కొండల్లో తరాలుగా ఆడవాళ్ళు ఇదే పని చేస్తున్నారు. బెంగాల్లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఇలాగే ఇంటింటా కుండలు పెట్టించారని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ముష్టి అంటే మొదట పిడికిలే కదా. ఇచ్చేవాడి చేతికి ఉన్న పేరు ఎప్పుడు జారిందో ఏమో, వచ్చి అడిగేవాడి నుదుటికి అంటుకుంది. మాటల వెంట తిరుగుతూ కూర్చుంటే మేడ్చల్ చేరం గనక అది అక్కడ వదిలేద్దాం.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో రాయికుంట అని ఒక బస్తీ ఉంది. ఒకప్పుడు చుట్టూ ద్రాక్షతోటలు, కోళ్ళఫారాలు. తోటలన్నీ ప్లాట్లయ్యాయి. ఫారాలు మాత్రం కొన్ని మిగిలాయి. గాలి అటు మళ్ళినప్పుడు కొత్త విల్లాలవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. అలాంటి ఒక ఫారంలోనే ఎలీషమ్మ బతుకంతా గడిచింది. అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన కోడిపిల్లలను అట్టపెట్టెల్లో సర్దడం ఆమె పని. మొగుడు జయరాజు అక్కడే దాణా బస్తాలు మోసేవాడు, పండగొస్తే చర్చి ముందు డప్పు కొట్టేవాడు. ఒక్కతే కూతురు, కెజియా. పదోతరగతి లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. మూడోసారి రాయనని, తల్లి పక్కనే పనికొచ్చి నిలబడింది. బల్లకు ఇటు తల్లి, అటు కూతురు. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కోడిపిల్లలను ఎత్తి పెట్టెలో వేస్తున్నాయి. ఆ రెండో జత చేతుల వంక చూడలేక ఎలీషమ్మ ఒకరోజు మధ్యలోనే పని విడిచి, గేటు దాటి, నేరుగా పాస్టరయ్య ఇంటికి పోయింది. చర్చి వరండా సాయంత్రంపూట ఇవ్వమంది. ఎందుకమ్మా అంటే, బడి పెడతానంది.

"నీకు సంతకమే రాదు, బడి పెడ్తవా?" అని ఇంటికొచ్చాక జయరాజు పడీపడీ నవ్వాడు.

"వచ్చినోళ్ళు ఏం పెట్టిన్రో చూసినం గదయ్యా. రానిదాన్ని నేను పెడ్త."

బస్తీలో డిగ్రీ దాకా చదివిన పిల్ల ప్రిస్కిల్లా ఒక్కతే. ఆమెను పంతులమ్మను చేసింది. జీతం మాటేమిటంటే, పిడికెడు బియ్యమే. ప్రతి శనివారం సాయంత్రం ఎలీషమ్మ భుజాన సంచి వేసుకుని గడపగడపా తిరిగేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు ఆ బియ్యాన్ని వేలం వేసేవారు. కొంత మాత్రం ప్రిస్కిల్లా ఇంటికే పోయేది. రేషన్ దొడ్డుబియ్యం, సన్నబియ్యం, నూకలు, పాతవి, కొత్తవి అన్నీ కలిసిన బియ్యం అవి. ఎన్ని నీళ్ళు పోసినా ఒక మెతుకు పలుకుగా, పక్క మెతుకు గంజిగా దిగేది. "ఆంటీ, ఒకే గిన్నెల బస్తీ మొత్తం ఉడుకుతాంది, ఒకళ్ళకొకళ్ళకు పడ్తలేదు" అని ప్రిస్కిల్లా నవ్వుతూ చెప్పేది. అయినా అదే తినేది.

మొదట చర్చివాళ్ళే ఇచ్చారు. తర్వాత పిల్లలను పంపే ఇళ్ళన్నీ ఇచ్చాయి. శామీర్‌పేట చెరువుగట్టు రోడ్డు మీద చేపలమ్మే సత్తమ్మ అందులో ఒకతె. ఆమె మొగుడు లింగస్వామి వల వేస్తాడు, ఆమె కత్తిపీట ముందు కూర్చుంటుంది. పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లే, అయినా ఏసయ్య వరండాలో తన కూతురు దీప ఎక్కాలు నేర్చుకోవడంలో ఆమెకు ఏ ఇబ్బందీ కనబడలేదు. ఇబ్బంది ఎక్కాలు రాకపోతేనే. చేపల బుట్ట నెత్తిమీదే ఉంచుకుని వరండా మెట్ల దగ్గర నిలబడి అరిచేది.

"ఏమే పంతులమ్మా! మా దీపకు తీసివేతలు వస్తలేవు. పక్కంకెల కెళ్ళి ఏందో అప్పు తెస్తదట, మళ్ళ ఇయ్యదట. గిదేం లెక్కనే?"

"తెచ్చినది ఇచ్చేది ఉండదు సత్తమ్మత్తా, లెక్కనే గట్ల ఉంటది."

"ఉంటదా! రోజు పొద్దున పిడికెడు, మాపు పిడికెడు తీస్తున్న. నా మొగడు మెతుకు తక్కువైందని గిన్నె గీకుతాండు. నా బియ్యం తిని నా పిల్లకు లెక్క రాకపాయె, ఊకుంటనా నేను?"

పిల్లలు నోట్లో చేతులు కుక్కుకుని నవ్వేవాళ్ళు. ప్రిస్కిల్లా ముఖం ఎర్రబడేది. కానీ మర్నాడు దీపను ముందు వరసలో కూర్చోబెట్టి, తీసివేతలు మళ్ళీ మొదటి నుంచీ చెప్పేది. ఇలా అరిచే తల్లులు సత్తమ్మ ఒక్కతే కాదు. వర్షంలో వరండా కురిసిందని ఒకరు, పాటలు ఎక్కువై లెక్కలు తగ్గాయని ఒకరు, మా పిల్లను వెనక ఎందుకు కూర్చోబెట్టావని ఇంకొకరు. జయరాజు శనివారాలు పిల్లలకు డప్పు నేర్పుతుంటే, "మా పోరనికి దరువు సరిగ్గ చెప్తలేడు" అని ఆయన మీద కూడా ఒక పంచాయితీ నడిచింది. ఎలీషమ్మకు తలనొప్పిగా ఉండేది. అదంతా బడి బతికి ఉన్న చప్పుడని అప్పట్లో ఆమెకు తెలియదు.

కరోనా వచ్చి పోయాక ఎలీషమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. సంచి బరువైంది. చర్చిలో కాస్త బాగా బతికిన ఒకరిద్దరు, "ఈ ముసల్ది ఇంకా అడుక్కుంటనే ఉన్నది" అన్న మాట ఆమె చెవిన పడింది. కంపెనీ ట్రస్టువాళ్ళ జీపు బస్తీలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే.

ఆ కంపెనీ పేరుతో మనకు పనిలేదు. మందులు చేసే పెద్ద కంపెనీ. లాభంలో కొంత ఊరికి ఖర్చు పెట్టాలని చట్టం ఉంది గనక, ఖర్చు పెట్టడానికి ఊళ్ళు చూసుకుంటూ తిరుగుతోంది. ట్రస్టు మనిషి ఫణిభూషణ్. ఇలాంటి కథల్లో ఇలాంటి మనిషిని దొంగను చేయడం తేలిక, కానీ ఆయన దొంగ కాదు. చెప్పులు బయట విడిచి వరండాలో చాప మీద కూర్చున్నాడు. పిల్లల చేత చదివించుకున్నాడు. బియ్యం సంగతి విని కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, ఇన్నేళ్ళు మీరు పడ్డ కష్టం చాలు. ఇక ఈ బస్తీ మీద భారం వద్దు. కూలి చేసుకునే ఇళ్ళ నుంచి గుప్పెడు బియ్యం తీసుకుంటున్నామంటే మాక్కూడా బాగుండదు. టీచరు జీతం మాది, హాలు అద్దె మాది. మీరు ఒక్క గింజ కూడా ఎవర్నీ అడగకండి."

ఎలీషమ్మ చేతులు జోడించింది. ప్రార్థనలు ఫలించడమంటే ఇదే అనుకుంది. ఆ శనివారం సంచి లేకుండా, కొత్త చీర కట్టుకుని ప్రతి గడపకూ పోయింది. ప్రతి ఇంట్లోనూ ముంత బోర్లించమని తానే చెప్పింది. అలా చెప్పాలని ఎవరూ పంపలేదు, గుట్టుగా మానేసినా సరిపోయేది. కానీ ఆమెకు పండగలా ఉంది. పేదవాళ్ళ కంచంలో నాలుగు మెతుకులు తిరిగి వేస్తున్నానన్న సంతోషం.

"ఇగ తియ్యకుండ్రి. కంపెనోళ్ళు జూస్కుంటరు. కడుపునిండ తినుండ్రి."

సత్తమ్మ ఒక్కతే నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "ఏందక్కా, మా బియ్యం చేదెక్కినయా?"

"నీ నోరు చేదు గానీ బియ్యం కాదే. జీతమే వాళ్ళిస్తుంటే నీ పిడికెడు ఏం జేసుకోను?"

"ఏమో నాకేం ఎర్క. అలవాటైంది, చెయ్యి దానంతటదే పోతది ముంతల."

"రెండు దినాలు పోతది, తర్వాత ఊకుంటది" అని ఎలీషమ్మ నవ్వింది. అలాగే అయింది కూడా.

ట్రస్టు అద్దెకు తీసుకున్న హాలు బాగుండేది. గోడల మీద సూర్యుడు, నక్షత్రాలు, సీతాకోకచిలుకలు గీయించారు. పెద్ద టీవీలో పాఠాలు వచ్చేవి. కుర్చీలు, ఫ్యాన్లు, నీళ్ళ మిషను, గుమ్మం మీద కంపెనీ పేరుతో పెద్ద బోర్డు. పిల్లలు బాగానే చదివారు, అందులో అబద్ధం లేదు. జయరాజు డప్పు మాత్రం ఆగిపోయింది. శబ్దానికి పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు ఊరుకోరన్నారు. వార్షికోత్సవం నాడు మైకులో పాట పెట్టి పిల్లల చేత డాన్సు చేయించారు. తల్లులను వెనక వరసల్లో కూర్చోబెట్టి, ముందున్న ఒక అమ్మాయి చెయ్యెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టమన్నారు. వాళ్ళు కొట్టారు. సత్తమ్మ కూడా ఉతికిన చీర కట్టుకుని, చేపల వాసన ఎవరికన్నా తగులుతుందేమోనని కొంగు దగ్గరికి లాక్కుంటూ కూర్చుంది. దీపకు పుస్తకాల సంచీ ఇస్తూ ఫొటో తీసినప్పుడు లేచి నిలబడి, ఎవరికి పెడుతోందో తెలియకుండానే దండం పెట్టింది.

హాలు నడిచిన మూడేళ్ళలో మెట్ల దగ్గర ఒక్క తల్లీ అరవలేదు. ఎలీషమ్మ అది శాంతి అనుకుంది.

నిరుడు వానాకాలంలో ఫణిభూషణ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. కంపెనీ పెద్దలు ఈ ఏడాది నుంచి చెరువుల బాగు మీద ఖర్చు పెట్టాలనుకున్నారని, చదువుల పని ఎత్తేశారని చెప్పాడు. టీవీ, కుర్చీలు వేరే జిల్లాలోని సెంటరుకు పోవాలి. హాలు అద్దె నెలాఖరు దాకా కట్టేశారు.

"నేను చాలా చెప్పి చూశానమ్మా" అన్నాడు. నిజంగానే చెప్పి చూసి ఉంటాడు. ముఖంలో తెలుస్తోంది.

"పిల్లలు పదోతరగతి రాస్తరు సారూ ఈ యేడు. దీప, ఇంక ఏడుగురు. పరీక్షల దాక..."

ఆయన దండం పెట్టి జీపు ఎక్కాడు.

ఎలీషమ్మ మనసులో ఇక మిగిలింది ఆ పరీక్షల దాకా లాక్కురావడం ఒక్కటే. కెజియా లెక్కల్లో తప్పిన తరగతి అది. కెజియా ఇప్పుడు సూరారంలో, మొగుడితో పాటు ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తోంది. ఫోన్లో ఎప్పుడూ నిద్రమత్తు గొంతే. దీప లెక్కల్లో గట్టి పిల్ల. ఇంకొక చలికాలం కూర్చోబెట్టగలిగితే చాలు. చర్చి వరండా అడుగుదామంటే, అది ఇప్పుడు లేదు. అద్దాలు పెట్టి మైకు సెట్టు గది చేశారు. హాలు యజమానిని బతిమాలి అద్దె సగానికి ఒప్పించింది. ప్రిస్కిల్లా కూడా, మునుపటిలా బియ్యమైనా సరే, కొన్నాళ్ళు చూస్తానంది. పాత సంచి ఎక్కడో పోయింది. సిమెంటు సంచి ఉతికి కుట్టుకుని, శనివారం సాయంత్రం ఎలీషమ్మ మళ్ళీ బయల్దేరింది.

మొదటి ఇంట్లో కొత్త కోడలు. రైస్ కుక్కర్, దాంతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు. రెండు కప్పులు అంటే రెండు కప్పులే, చాట లేదు. సంగతి పూర్తిగా వినకుండానే ఆ పిల్ల లోపలికి పోయి, సంచి మూతి విప్పి పెద్ద గిన్నెడు బియ్యం తెచ్చి పోసింది.

"గట్ల కాదు బిడ్డా. గిన్ని ఒద్దు. రోజూ పిడికెడు..."

"పర్వాలేదు పెద్దమ్మా, ఉంచుకో. మస్తుగ ఉన్నయి, రేషన్ల సన్నబియ్యమే ఇస్తున్నరు ఇప్పుడు."

రెండో ఇంట్లో, "ఫోన్‌పే ఉందా?" అన్నారు. మూడో ఇంట్లో వంట మానేసి చాలాకాలమైంది, ఇద్దరూ రాత్రిళ్ళు కర్రీ పాయింటులో తెచ్చుకుంటారు. ఒక ఇంట్లో ముసలాయన మాత్రం గడపలోంచే అడిగాడు. "కంపెనోళ్ళు అన్ని దినాలు లక్షలు లక్షలు ఇచ్చిరి గదా, అన్నీ ఏమైనయమ్మా? నీ చేతుల మీదుగనే నడిచె గద."

ఆయన వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. పిడికెడు బియ్యం నడిచిన కాలంలో, ఎవరి ఇంట్లో ఎంత తీశారో, ఎంతకు వేలం పోయిందో బస్తీ అంతటికీ తెలుసు. కంపెనీ వచ్చాక ఎవరికీ ఏమీ తెలియదు. తనకూ తెలియదు. తెలియని చోట మనుషులు ఏదో ఒకటి ఊహించుకుంటారు. ఆ ఊహలో తాను దొంగగా మిగిలిందని ఆ గడపలో తెలిసింది.

అయినా ఆ శనివారం సంచి నిండింది. మోయలేక జయరాజును పిలిచింది. ఆయన సంచి ఎత్తి చూసి, "ఇగ ఏం పరేషాన్ లేదు, మస్తు ఇచ్చిన్రు" అన్నాడు. మరుసటి శనివారం సగం సంచే. ఆపై వారం, "పోయినసారి ఇచ్చినం గదా పెద్దమ్మా" అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. గిన్నెడు ఇచ్చినవాడికి ఇచ్చేశానన్న తృప్తి ఉంటుంది, అది చాలాకాలం పనిచేస్తుంది. పిడికెడు తీసే చేతికి ఆ తృప్తి ఉండదు. అందుకే మళ్ళీ పూటా తీస్తుంది. పెద్ద పెద్ద దాతల పేర్లు చెక్కిన రాళ్ళు ఈ దేశంలో ఎక్కడ చూసినా ఉంటాయి, వాటి వెనక గదులకు మాత్రం తాళాలుంటాయి. ఇచ్చినవాడు ఒకసారే ఇచ్చాడు, తీసుకున్నవాళ్ళకు అడిగే హక్కు ఏనాడూ రాలేదు. అక్కడ పెరిగిన పిచ్చిమొక్కలను చూసినప్పుడల్లా ఈ మాట తోస్తుంది. ఎలీషమ్మ అటువంటి రాళ్ళు చదవలేదు. ఖాళీ సంచితో వీధి మధ్యలో నిలబడి అదే సంగతి తనకు తానుగా తెలుసుకుంది. ముంతలు బోర్లించమని గడపగడపకూ పోయి చెప్పిన మనిషి తానే.

దసరా సెలవులయ్యాక ప్రిస్కిల్లాకు కొంపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వచ్చి, చెప్పలేక, కూరగాయల ధరల గురించి మాట్లాడుతూ కూర్చుంది.

"పో బిడ్డా" అంది ఎలీషమ్మే. "నీకూ ఇల్లున్నది."

"ఆదివారాలు వస్త ఆంటీ."

"వస్తవు తియ్."

ఇద్దరికీ తెలుసు రాదని. నెలాఖరున హాలు యజమాని తాళం మార్చాడు. వారం తిరక్కుండా అందులో మినరల్ వాటర్ డబ్బాలు దించారు. గోడ మీద సూర్యుడు, సీతాకోకచిలుకలు అలాగే ఉన్నాయి.

ఎలీషమ్మ ఇంట్లో కూర్చుని ఎదురుచూసింది. ఎవరో ఒకరు వస్తారు. తలుపు దగ్గర నిలబడి, మా పిల్ల పరీక్ష ఏం కావాలె అని అరుస్తారు. తలుపు తీసే ఉంచింది. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. పిల్లలు కూడా తలుపు ముందు నుంచే సైకిళ్ళ మీద పోతూ, "అవ్వా, బాగున్నవా?" అని మర్యాదగా పలకరించి పోతున్నారు.

"గట్ల కూసుంటే ఎట్లనే" అన్నాడు జయరాజు. "సత్తమ్మ దగ్గరికి పో. దాని నోరు సంగతి ఎర్కనే గద. అది తిట్టిందనుకో, ఇంక ఏదో మిగిలున్నట్టే. పది ఇండ్లు అది ఒక్కతే లేపుతది."

ఎలీషమ్మ ఆటో ఎక్కి శామీర్‌పేట చెరువుగట్టు రోడ్డు మీద దిగింది. కార్లు ఆపుకుని జనం చేపలు కొంటున్నారు. సత్తమ్మ గొడుగు కింద కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె చేపకు పొలుసు తీస్తోంది. ఎలీషమ్మను చూసి పీట జరిపింది.

"కూసో అక్కా. మోకాళ్ళెట్లున్నయి?"

"మోకాళ్ళ సంగతి అడుగుతవేందే. బడి బందైంది."

"విన్న."

"విని ఊకున్నవా? దీప పరీక్ష నెత్తిమీదికొచ్చె. రాకపోతివి, ఒక్క మాట అడగకపోతివి. నన్ను తిట్టవా సత్తీ?"

సత్తమ్మ చెయ్యి ఆపి ఆశ్చర్యంగా చూసింది. "నిన్నెందుకు తిడ్త? నువ్వేం జేసినవు. వాళ్ళ బడి అక్కా. వాళ్ళు తెచ్చిన్రు, వాళ్ళు తీసుకపోయిన్రు. మూడేండ్లు పైస తీస్కోకుండ ఒట్టిగ చెప్పిన్రు, గదే సంతోషం."

"మన బడి గదనే అది."

"ఎప్పుడో ఉండె" అంది సత్తమ్మ మెత్తగా. మళ్ళీ పొలుసు తీయడం మొదలుపెట్టింది. "దీపను కొంపల్లిల బట్టల షాపుల మాట్లాడిన. ఒకటో తారీకు నుంచి పోతది. అది కూడ సరేనన్నది. పరీక్ష ఎప్పుడన్న రాసుకోవచ్చు తియ్."

కెజియా కూడా ఒకప్పుడు ఇలాగే పరీక్ష వదిలి పనికి పోయింది. ఏం చెప్పాలి? నాలుగు నెలలు ఆగమనాలా? ఎవరు చెబుతారు పాఠం? ఎక్కడ? ఎలీషమ్మ సత్తమ్మ ముఖంలోకి చూసింది. ఎక్కడైనా కాస్త కోపం ఉంటుందేమోనని వెతికింది. ఆ ముఖంలో ఉన్నది పాత పరిచయస్తురాలి మీద జాలి.

కారులోంచి ఎవరో హారన్ కొట్టారు. సత్తమ్మ వాళ్ళకు ధర చెబుతూనే, రెండు చేపలు నల్ల కవర్లో వేసి ఎలీషమ్మ ఒళ్ళో పెట్టింది. ఎలీషమ్మ కొంగుముడి విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"పైసలొద్దక్కా. ఒట్టిగనే తీస్కపో. ఎండల వడి వస్తివి, బావకు పులుసు పెట్టు."

ఎలీషమ్మ తీసుకుంది.

ఇంటికి చేరేసరికి జయరాజు అరుగు మీద లేచి నిలబడ్డాడు.

"తిట్టిందా?"

"తిట్టలే" అంది ఎలీషమ్మ. కవరు ఆయన చేతిలో పెట్టింది. జయరాజు కవరు విప్పి చేపలను చూశాడు. వాటిని కడగడానికి నల్లా దగ్గరికి పోయాడు.